జీనక్క

మా అన్నయ్య పడిపోయిన రోజున వాన లేదు, గాలి లేదు, తొందర కూడా లేదు. ఒక పాత గోడౌను కప్పు మీద పగిలిన సిమెంటు రేకులు తీసి కొత్తవి వేసే పని. పొద్దున్నే టీ తాగి ఎక్కారు. మా వదిన కూడా ఆ కప్పు మీదే ఉంది. అన్నయ్య రేకు బిగిస్తుంటే బోల్టులూ వాషర్లూ అందించే పని ఆమెది. పెళ్లైనప్పటి నుంచీ ఇద్దరూ ఎప్పుడూ ఒకే కప్పు మీద పనిచేశారు. "ఇంట్లో కూడా ఇంతసేపు కలిసి ఉండం," అని అన్నయ్య నవ్వుతుండేవాడు.

ఆ రోజు జరిగింది వదిన నాకు ఒక్కసారే చెప్పింది. మళ్లీ అడగాలనిపించలేదు.

"బోల్టు ఇద్దామని చెయ్యి చాచా. తీసుకునే చెయ్యి లేదు. మనిషే లేడు. మనిషి ఉన్నచోట చిల్లు, చిల్లులోంచి దుమ్ము."

ఇలాంటి కప్పుల్లో లోపలికి వెలుతురు రావడానికి అక్కడక్కడా ప్లాస్టిక్ రేకు వేస్తారు. ఏళ్ల తరబడి ఎండ తిని అది ఎండుటాకులా పెళుసెక్కిపోతుంది. పైన దుమ్ము పేరుకుంటే పక్కనున్న సిమెంటు రేకుకీ దానికీ తేడా తెలియదు. అన్నయ్య దాని మీద కాలు పెట్టాడు. కింద బస్తాలు పేర్చి ఉండబట్టి ప్రాణం దక్కింది. బస్తాల మీంచి గచ్చు మీదికి దొర్లబట్టి నడుము విరిగింది.

సేఫ్టీ బెల్టు లేదా అంటే, ఉంది. నిచ్చెన పక్కన భోజనం డబ్బాల మీద కప్పి ఉంది, ఈగలు వాలకుండా.

పెద్దాసుపత్రిలో అన్నయ్య పక్క మంచం మీద ఒక పెద్దాయన ఉండేవాడు. సెల్ టవర్లు ఎక్కి పనిచేసే మనిషి. చెయ్యి విరిగి కట్టు కట్టించుకున్నాడు. "టవరు మీంచి పడ్డారా బాబాయ్?" అని నేను జాలిగా అడిగాను.

"టవరు మీంచి పడితే నీతో మాట్లాడుతూ ఉంటానా తల్లీ? సైకిలు మీంచి పడ్డా. కూరగాయలకు వెళ్తూ."

జీవితమంతా మేఘాల పక్కన పనిచేసి చివరికి సైకిలు మీంచి పడ్డందుకు ఆయనకు మహా నామోషీగా ఉండేది. చూడటానికి వచ్చిన చుట్టాలకు మాత్రం టవరనే చెప్పుకునేవాడు. మేము కూడా అవునవునని తలలూపేవాళ్లం. ఆయన్ని టవరు బాబాయ్ అని పిలవడం అలా మొదలైంది.

ఒక మధ్యాహ్నం అన్నయ్య మందు మత్తులో పడుకుని ఉన్నప్పుడు వదిన ఆయన్ని అడిగింది. "బాబాయ్, ఆ బెల్టు పెట్టుకుని ఉంటే మా ఆయన పడేవాడు కాదా?"

ఆయన వెంటనే అవుననలేదు. "పెట్టుకుంటే ఎక్కడ తగిలించేవాడు?" అన్నాడు.

వదిన కాసేపు ఆలోచించింది. "రేకు బోల్టుకి."

"అయితే రేకూ, బోల్టూ, మీ ఆయనా ముగ్గురూ కలిసి దిగేవాళ్లు."

వదిన ముఖం చూసి ఆయన లేచి కూర్చున్నాడు. బాగున్న చేత్తో తన దుప్పటిని మెలిపెట్టి సెలైను స్టాండుకు ముడి వేయించాడు. "మెల్లగా లాగు," అన్నాడు. వదిన లాగింది. స్టాండు కదల్లేదు. "ఇప్పుడు దుప్పటి వదులుగా పట్టుకుని ఒక్కసారి గుంజు." వదిన గుంజింది. స్టాండు ధడాలున వదిన మీదికి వచ్చింది. "నిలబడ్డ మనిషి బరువు వేరు, పడే మనిషి బరువు వేరు. బెల్టు మంచిదా, తాడు మంచిదా అన్నది తర్వాత. తాడు రెండో చివర ఎక్కడుందో అది అడుగు ముందు." తర్వాత దుప్పటిని కిటికీ ఊచకు కట్టించాడు. వదిన రెండు కాళ్లూ గోడకు తన్నిపెట్టి గుంజుతుంటే నర్సు వచ్చింది.

"ఏంటమ్మా ఇది? పారిపోదామనా?"

"నేర్చుకుంటున్నా సిస్టర్," అంది వదిన, దుప్పటి వదలకుండానే.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ వదిన అన్నయ్యకు పక్క మార్చేది, తినిపించేది, మిగిలిన సమయమంతా బాబాయిని ప్రశ్నలతో పీక్కుతినేది. ఒళ్లంతా పట్టే బెల్టు ఎలా ఉంటుంది, తొడల చుట్టూ పట్టీలెందుకు, తాడు మధ్యలో మడతపెట్టి కుట్టిన ఆ ముద్ద ఏమిటి? ఆ ముద్ద పడేటప్పుడు చిరుగుతూ సాగుతుందనీ, గుంజును అదే మింగుతుందనీ, లేకపోతే తాడు ఆపినా నడుము ఆగదనీ ఆయన చెప్పాడు. డిశ్చార్జి అయ్యే రోజున, "తల్లీ, నాకింత తెలుసని నాకే తెలియదు," అని దండం పెట్టి వెళ్లాడు.

ఇంటికొచ్చాక అన్నయ్య చాలాకాలం మంచానికే ఉండి, తర్వాత వాకరు పట్టుకుని గదిలో నాలుగడుగులు వేయడం మొదలుపెట్టాడు. నేను వాళ్లతోనే ఉంటాను. సంచులు కుట్టే చోట పని నాది. ఒక సాయంత్రం నేను వచ్చేసరికి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు.

"చెప్పవే నువ్వైనా," అన్నాడు అన్నయ్య నాతో. "మీ వదిన మళ్లీ కప్పెక్కుతుందట."

"వదినా!"

"నాకొచ్చిన పని అదే," అంది వదిన.

"ఇంకో పని నేర్చుకో. కొట్లో కూర్చో. వంటకి వెళ్లు. కప్పు మాత్రం వద్దు. నేనూ నాకు వచ్చిన పని అదేననుకున్నా. చూడు ఎలా ఉన్నానో."

"నువ్వు కట్టుకోలేదు. నేను కట్టుకుని ఎక్కుతా."

"కట్టుకుంటే చేతులాడవే పిచ్చిదానా!"

"చేతులాడకపోతే నిదానంగా చేస్తా. కాళ్లాడకపోవడం కన్నా నయం కదా."

నాకు ఎటు చూడాలో తెలియక స్టవ్వు మీద ఏమీ లేకపోయినా వెళ్లి చూశాను. వదిన కూడా నాలుక కరుచుకుంది. అన్నయ్యే ముందు నవ్వాడు. "అన్నావు కదా, ఇక వెళ్లు. నీతో మాట్లాడి గెలిచినవాడెవడు?" అన్నాడు. కానీ ఆ నవ్వు మధ్యలో ఆగిపోయింది.

వదిన బెల్టు కొనడానికి హార్డువేర్ షాపుకు వెళితే, వాళ్లిచ్చింది ఆమె భుజాల మీంచి జారిపోయింది. మగవాళ్ల కొలత. "ఆడవాళ్లకి వేరుగా రావమ్మా," అన్నాడు షాపాయన. "ఆడవాళ్లు వేరుగా పడరు కదయ్యా, తెప్పించు," అని వదిన కౌంటరు ముందు నుంచి కదల్లేదు. ఈలోపు నేను, "ఇలా ఇవ్వు వదినా, నా మిషను మీద రెండు కుట్లు వేసి బిగుతు చేసిస్తా," అన్నాను. వదిన టవరు బాబాయికి ఫోన్ చేసింది. ఫోన్లోంచి ఆయన అరుపు నాకు కూడా వినిపించింది. బెల్టు కుట్టు ఎవరూ ముట్టుకోకూడదట, విప్పకూడదట, కొత్తది వేయకూడదట. నాకు కాస్త కోపం వచ్చింది కానీ, ఆ పట్టీ మీది కుట్టు దగ్గరగా పెట్టుకుని చూశాక నోరు మూసుకున్నాను. నా మిషను సూది ఆ పట్టీలో దిగేది కూడా కాదు. చిన్న కొలత వచ్చేదాకా వదిన ఆగింది.

అన్నయ్యా వదినా ముందు నుంచీ పనిచేసింది పెద్ద మేస్త్రి దగ్గర. ఆయన చెడ్డవాడు కాదు. అన్నయ్య పడినప్పుడు భుజం మీద వేసుకుని రోడ్డు దాకా పరుగెత్తింది ఆయనే. కానీ బెల్టులూ తాళ్లూ అంటే ఆయనకు పని రానివాళ్ల సరంజామా. వదిన వెళ్లి పని అడిగింది. సరే రమ్మన్నాడు.

"మేస్త్రీ, ముందు ఇటు స్తంభానికీ అటు స్తంభానికీ ఇనుప తీగ తాడు లాగి కట్టాలి. ఎక్కినవాళ్లందరూ బెల్టులు దానికే తగిలించుకోవాలి. రేకుల మీద కాలు పెట్టకుండా చెక్కలు పరవాలి."

"పని చెయ్యడానికి వచ్చావా, ఉయ్యాల కట్టుకోవడానికి వచ్చావా?"

"ఏదైతే ఏం మేస్త్రీ, కింద పడకపోతే చాలు."

అందరూ ఘొల్లుమన్నారు. నవ్వుతూనే నిచ్చెనెక్కారు. వదిన ఎక్కలేదు. ఒంటికి బెల్టు బిగించుకుని నిచ్చెన పక్కన నిలబడి, కింద నుంచి రేకులు అందించింది, సిమెంటు కలిపింది, ఊడ్చింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. కిందే పనిచేసే మనిషికి బెల్టెందుకని అడిగితే, "అడిగారు కదా, అందుకే," అనేది.

పట్టీలన్నీ బిగించుకున్న వదినను చూసి ఎవడో గుర్రానికి జీను కట్టినట్టుందన్నాడు. దాంతో "జీనక్కా, దాణా తిన్నావా?" "జీనక్కా, ఓసారి సకిలించవా?" అని మొదలుపెట్టారు. ఇంట్లో ఈ సంగతి చెబితే నాకు ఒళ్లు మండిపోయింది. వదిన మాత్రం చేతులు కడుక్కుంటూ, "పేరు బానే ఉంది కదా," అంది. "పిలిచినప్పుడల్లా వాళ్ల నోటితో వాళ్లే బెల్టు గుర్తు చేసుకుంటున్నారు."

కొన్ని వారాలయ్యాక పెద్ద మేస్త్రికి విసుగెత్తింది. "ఎక్కితే ఎక్కు. లేకపోతే రేపట్నుంచి రావద్దు," అన్నాడు. వదిన సరేనని, తన సుత్తీ స్పానరూ సంచిలో వేసుకుని వచ్చేసింది. ఆ నెల మా ఇంట్లో అందరం కాస్త తక్కువగా మాట్లాడుకున్నాం. అన్నయ్య ఒక్కసారి కూడా 'చెప్పానా' అనలేదు. అది నేను గమనించాను.

మొదటి సొంత పని అచ్చాఫీసులో దొరికింది. అచ్చాఫీసు ఆయన భయస్తుడు. జేబులో ఎప్పుడూ మాత్రలుంటాయి. గడియారం చూసి ఒకటి వేసుకుంటాడు, వేసుకున్నానో లేదోనని మళ్లీ చూసుకుంటాడు. ఆయన కప్పు కారి, కింద తిరిగే పెద్ద యంత్రం మీద నీళ్లు పడుతున్నాయి. "పైన పనిచేస్తూ మనిషి ఎవరైనా యంత్రం మీద పడితే?" అని ఆయనకు నిద్ర పట్టడం లేదు. వదిన వెళ్లి తాడు ఎలా కడుతుందో, చెక్కలు ఎలా పరుస్తుందో చెబితే, ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

"ఆయన భయం మనిషి గురించా, యంత్రం గురించా?" అని నేను అడిగాను.

"నేనడగలేదు. భయం ఉంది. నాకది చాలు," అంది వదిన.

జట్టుకు ఇద్దరు వచ్చారు. ఒకడు వెల్డరు. మాట తక్కువ, పని గట్టి. రెండోవాడు రేడియో. వాగుడు ఆపడు కాబట్టి ఆ పేరు. పెద్ద మేస్త్రి దగ్గర జీనక్క అని మొదట పిలిచినవాడు వాడేనని తర్వాత తెలిసింది. "ఎందుకొచ్చావురా మరి?" అని అడిగితే, "మా ఆవిడ పంపింది అక్కా. ఆ గుర్రపు జట్టులో చేరితేనే ఇంట్లో అన్నం అంది," అన్నాడు.

వదిన పద్ధతి ఒకటే. ముందు లోపలి నుంచి పైకి చూసి, ఎక్కడెక్కడ వెలుతురు రేకులున్నాయో గుర్తుపెట్టుకునేది. ఎక్కాక చేతికి అందే దూరం నుంచే వాటి చుట్టూ ఎర్ర రంగు పూసి, పైన చెక్క కప్పేది. తీగ తాడు స్తంభాలకూ పెద్ద ఇనుప దూలాలకూ తప్ప మరి దేనికీ కట్టేది కాదు. తాడు కట్టడానికే పూట పట్టేది. రేడియో గొణిగేవాడు. అచ్చాఫీసు ఆయన మాత్రం తాడు చూసినప్పుడల్లా సంతోషంగా ఒక మాత్ర వేసుకునేవాడు.

అన్నయ్య ఆ రోజుల్లో కిటికీ దగ్గర కూర్చునేవాడు గానీ, బయట కనిపించే కప్పుల వైపు చూసేవాడు కాదు. రోడ్డు మీద పోయేవాళ్ల చెప్పులు చూసేవాడు. ఒక సాయంత్రం వదిన మూడు బెల్టులూ తెచ్చి అతని ఒళ్లో పడేసింది.

"ఇవి చూసిపెట్టు."

"ఏం చూడాలి?"

"ఎక్కడ మోసం చేస్తాయో చూడు. నువ్వు వీటిని ఎప్పుడూ నమ్మలేదు కదా, ఆ కళ్లతోనే చూడు."

అన్నయ్య కాసేపు వాటిని ముట్టుకోలేదు. తర్వాత ఒక పట్టీ తీసుకుని వేళ్ల మధ్య అంగుళం అంగుళం జరుపుతూ పోయాడు. కుట్లు, అంచులు, కొక్కెం నాలుక, బకిల్సు, అన్నీ. భోజనం చల్లారిపోయింది. మర్నాడు సాయంత్రం వదిన గుమ్మంలోకి రాకముందే, "ఏవీ, ఇటివ్వు," అన్నాడు. అప్పట్నుంచి అది అతని పని. రేడియో అతనికి పెట్టిన పేరు హెడ్మాస్టరు.

ఒకసారి వెల్డరు బెల్టు పక్కన పెట్టేశాడు. భుజం పట్టీ మీద అగ్గిరవ్వ పడి కందిగింజంత కాలింది. గోరుతో తడిమితే తప్ప తెలియదు.

"ఇది పనికిరాదు," అన్నాడు అన్నయ్య.

"రేపు పనుంది. వేరేది లేదు," అంది వదిన.

"అయితే రేపు వెల్డరు కిందుంటాడు."

"కందిగింజంత మచ్చకా!"

"ఎక్కువ మాట్లాడితే నువ్వూ కిందుంటావు."

వదిన నా వైపు తిరిగి, "మీ అన్నయ్యకు ఒళ్లు కుదుటపడుతోందే," అంది. మర్నాడు వెల్డరు కిందే ఉన్నాడు.

రేడియో పడిన సంగతి ఇప్పుడు చెప్పాలి. వాడు ఈ కథ ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ కప్పు ఎత్తు పెరుగుతుంటుంది. నేను వెల్డరు చెప్పిందే నమ్ముతాను.

బస్సులు రిపేరు చేసే పెద్ద షెడ్డు. మధ్యాహ్నం దాటింది. రేడియో స్పానరు చెక్క మీంచి జారి పక్క రేకు మీదికి వెళ్లింది. వాడు మాటల్లో ఉండి, ఒక కాలు చెక్క మీంచి దించి అందుకోబోయాడు. రేకు ఫట్టుమంది. రేడియో చిల్లులోంచి మాయమయ్యాడు. తీగ తాడు జివ్వున వంగి, ఆగింది. బెల్టు తాడులోని ముద్ద చిరుగుతూ సాగిన చప్పుడు వెల్డరు ఇప్పటికీ చేసి చూపిస్తాడు. గుడ్డ చింపినట్టుంటుందట.

కింద పనిచేస్తున్న మెకానిక్కులు తలెత్తి చూస్తే, మనిషి గాల్లో వేలాడుతున్నాడు. బతికే ఉన్నాడు. "అక్కా! కింద బస్సు టాపులన్నీ తుప్పు పట్టాయి!" అని అరిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వెల్డరు కళ్లు తుడుచుకున్నాడు.

కష్టం అప్పుడు మొదలైంది. వాణ్ని దించేదెలా? పైకి లాగడానికి ఇద్దరి బలం చాలదు. అంత పొడుగు నిచ్చెన ఒకటే ఉంది, అది బయట గోడకు కట్టేసి ఉంది. ఒకరు ఇటు పరుగెత్తారు, ఒకరు అటు పరుగెత్తారు. పైనుంచి వదిన రేడియోతో మాట్లాడుతూనే ఉంది. వాడి జవాబులు చిన్నవయ్యాయి. కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయన్నాడు. కడుపులో తిప్పుతోందన్నాడు. తర్వాత ఏమీ అనలేదు.

రేడియో మాట్లాడకపోవడమంటే ఏమిటో వదినకు తెలుసు. చెక్క మీద బోర్లా పడుకుని, మిగిలిన తాడుకు పెద్ద ఉచ్చు వేసి, ఒక చివర తీగ తాడుకు బిగించి, ఉచ్చును చిల్లులోంచి వదిలింది.

"రేయ్! కాళ్లు అందులో పెట్టు! నిలబడు! తొడల మీంచి బరువు తీసెయ్!"

వాడు వినలేదు. "రేయ్, మీ ఆవిడకు నేనేం చెప్పాలిరా!" అని వదిన గొంతు చించుకుంటే, కళ్లు తెరిచాడు. తడుముకుని తడుముకుని ఒక కాలు ఉచ్చులో పెట్టాడు. రెండోది పెట్టాడు. నిలబడ్డాడు. కాసేపటికి ముఖంలో రంగు తిరిగింది. ఈలోపు మెకానిక్కులకు బస్సులకు రంగు వేసే చక్రాల పరంజా గుర్తొచ్చింది. దాన్ని దొర్లించుకొచ్చారు. వెల్డరు కప్పు దిగి వచ్చి దాని మీదికెక్కి, రేడియోను చిన్నపిల్లాణ్ని ఎత్తుకున్నట్టు చంకలో పట్టుకుని, బెల్టు తాడు విప్పి కిందికి దించాడు. ఆసుపత్రిలో డాక్టరు అన్నీ చూసి, మంచి పని చేశారనీ, ఇంకాసేపు అలాగే వేలాడి ఉంటే కాళ్లలో నెత్తురు నిలిచిపోయి ప్రాణం మీదికి వచ్చేదనీ చెప్పాడు.

ఆ సాయంత్రం మా ఇల్లు పెళ్లిల్లులా ఉంది. రేడియో, వాడి ఆవిడ, వెల్డరు, అందరూ వచ్చారు. వదిన ఒక్కత్తే నవ్వలేదు. గుడ్డలు కత్తిరించే నా పెద్ద కత్తెర అడిగి తీసుకుని, రేడియో బెల్టు నేల మీద పరిచింది.

"అక్కా, వద్దక్కా! నా ప్రాణం కాపాడింది. గోడకు తగిలించుకుంటా," అన్నాడు రేడియో.

"గోడకు తగిలిస్తే రేపు ఎవడో తీసి ఒంటికి తగిలించుకుంటాడు. ఒకసారి పడ్డ బెల్టు ఇక బెల్టు కాదు." కత్తెరకు కూడా ఆ పట్టీ అంత తేలిగ్గా లొంగలేదు. పళ్లు బిగించి కోసింది. ఆఖరి ముక్క కూడా కోశాక తలెత్తి అంది. "దింపడం నేర్చుకునేదాకా మనం మళ్లీ కప్పెక్కడం లేదు."

"బెల్టు పనిచేసింది కదా అక్కా!"

"బెల్టు పనిచేసింది. మనం పనిచెయ్యలేదు."

బస్సు షెడ్డు యజమాని కప్పు సగంలో ఆగిందని గోల పెట్టాడు. వదిన వినలేదు. సెలవు రోజున షెడ్డు ఖాళీగా ఉంటుందని తెలుసుకుని, అదే చోట నేర్చుకుంటామని అడిగి ఒప్పించింది. ఆ పొద్దున బయల్దేరుతూ అన్నయ్య ముందు వాకరు పెట్టింది. "నువ్వూ రా. కింద నిలబడి చెప్పేవాడు ఒకడు కావాలి."

పడిన తర్వాత అన్నయ్య ఏ షెడ్డులోకీ అడుగుపెట్టలేదు. గుమ్మం దగ్గర చాలాసేపు ఆగాడు. నేను చెయ్యి పట్టుకోబోతే వద్దన్నాడు. లోపలికొచ్చి కుర్చీలో కూర్చుని, చెమట తుడుచుకుని, మెల్లగా తల పైకెత్తాడు. పైన దూలానికి కట్టిన తాడుకు వదిన వేలాడుతోంది. ముందు తననే వేలాడదియ్యమంది. ఎవరు చెప్పినా వినలేదు.

అన్నయ్య పెదవులు తెల్లబడ్డాయి. నేను భయపడ్డాను. అంతలో షెడ్డంతా మారుమోగేలా అరిచాడు. "రేడియో! నోరు కాదు, తాడు వదులు! వెల్డరూ, పరంజా చక్రాలు బిగించు ముందు! అది జరిగితే ఇద్దరూ పడతారు!"

మొదటిసారి వదినను దించేసరికి అందరికీ తల ప్రాణం తోకకొచ్చింది. అన్నయ్య, "మళ్లీ," అన్నాడు. రెండోసారి తాడు చిక్కుపడింది. "మళ్లీ." మధ్యాహ్నం దాటింది. వదిన తొడలు కమిలిపోయాయి.

"నన్ను దింపడం నేర్పుతున్నావా, నా మీద పగ తీర్చుకుంటున్నావా?" అని పైనుంచి అడిగింది.

"రెండూ," అన్నాడు అన్నయ్య. "మళ్లీ."

చీకటి పడేలోపు, మనిషి తాడు మీద పడగానే ఎవరు ఏం చెయ్యాలో అడగకుండా చేసేదాకా వచ్చారు. ఆ రోజు నుంచీ పరంజా గానీ, దింపే తాడు గానీ సిద్ధంగా లేకుండా మా వదిన జట్టు నిచ్చెన మీద కాలు పెట్టదు. వాళ్ల పద్ధతి చూడటానికి వేరే జట్లవాళ్లు అప్పుడప్పుడూ రావడం మొదలైంది. కొందరు నేర్చుకుని వెళ్లారు. కొందరు నవ్వుకుంటూ వెళ్లారు.

ఒకరోజు పెద్ద మేస్త్రి మా ఇంటికొచ్చాడు. అన్నయ్యను పలకరించాడు, నా పని గురించి అడిగాడు, టీ తాగాడు, ఖాళీ గ్లాసును చాలాసేపు తిప్పాడు. చివరికి అన్నయ్య వైపే చూస్తూ, "ఆ తీగ తాడు వదులు కాకుండా ఎలా బిగిస్తారు?" అన్నాడు.

"నన్నడుగుతావేంటి? మేస్త్రి అక్కడ కూర్చుంది కదా," అన్నాడు అన్నయ్య.

పెద్ద మేస్త్రి కుర్చీ వదిన వైపు తిప్పుకున్నాడు. తిప్పుకోవడానికి కాస్త సమయం పట్టింది. వదిన ఎగతాళి చెయ్యలేదు. సరంజామా తెచ్చి నేల మీద పరిచి, బిగించి, విప్పి చూపించి, ఆయన చేత కూడా బిగింపించింది. ఇప్పుడు ఆయన పెద్ద పనులకు తాడు కడుతున్నాడు. చిన్న పనులకు ఇంకా కట్టడం లేదు. కనిపించినప్పుడల్లా వదిన ఆ మాట అంటూనే ఉంది, ఆయన తల గోక్కుంటూనే ఉన్నాడు.

ఈమధ్య చెక్కల మిల్లు నుంచి పిలుపు వచ్చింది. చాలా పాత కప్పు. రేకులు పగిలి లోపలున్న సరుకు తడిసే స్థితి. ఆకాశం మబ్బు పట్టి ఉంది. వదిన లోపలికి వెళ్లి నిచ్చెన వేసుకుని దూలాలన్నీ తట్టి చూసింది. దిగొచ్చి, "పైకెక్కి చేసే పని కాదండి ఇది. తాడు కట్టడానికి గట్టి చోటు ఒక్కటీ లేదు," అంది.

"అయిదు నిమిషాల పనమ్మా!" అన్నాడు మిల్లాయన.

"పడటానికి అంత కూడా పట్టదండి."

"నువ్వు కాకపోతే ఇంకొకరు ఎక్కుతారు."

"పిలవండి. వాళ్లొచ్చేదాకా ఇక్కడే ఉంటా. ఎక్కేముందు వాళ్లకీ ఇది చూపిస్తా."

వదిన మిల్లాయన చేతికే స్క్రూడ్రైవరు ఇచ్చి, నిచ్చెన రెండు మెట్లు ఎక్కించి, గోడలోకి దిగిన చెక్క దూలం కొసన గుచ్చమంది. అది పిడి దాకా దిగిపోయింది. మిల్లాయన దాన్ని బయటికి లాగి, మొనకు అంటిన పొడి వేళ్ల మధ్య నలిపి చూసుకున్నాడు.

"మరి ఇప్పుడెలా?"

"కింద నుంచి చేద్దాం. పరంజా కట్టి, కొత్త దూలాలు లోపలి నుంచే నిలబెట్టి, ఒక్కో వరుసా మార్చుకుంటూ వస్తాం. ఆలస్యం అవుతుంది. సరుకు ముందు అటు గదిలోకి మార్పించండి."

మిల్లాయన ముఖం మాడ్చుకున్నాడు గానీ, కూలీలను పిలిచాడు. సగం వరుసలు అయ్యేసరికి వాన పట్టుకుంది. వెల్డరు, రేడియో, వదిన పరంజా మీద తడుస్తూనే ఉన్నారు. రేడియో వాన మీద కూడా ఏదో వ్యాఖ్యానం చెబుతున్నాడు. నేను మధ్యాహ్నం భోజనం డబ్బాలు తీసుకుని వెళ్లాను. మిల్లాయన గొడుగు పట్టుకుని పరంజా కింద అటూ ఇటూ తిరుగుతూ, "ఇంకెంతసేపమ్మా?" అని అడిగాడు.

"అయ్యేదాకా," అంది వదిన, తర్వాతి దూలానికి భుజం పెడుతూ.